పర్మినెంట్ చేయడం కుదరదు సరే, పని చేయించుకున్నన్నాళ్లూ సరిగా చూడటానికి అడ్డేంటి?

యూనివర్సిటీల్లో పార్ట్‌టైమ్‌గా పాఠాలు చెప్పేవాళ్ల గురించి ఎక్కడ మాట మొదలైనా కాసేపటికే అది రెగ్యులరైజేషన్ దగ్గరికి వెళ్లి ఆగిపోతుంది. సంఘాలు పర్మినెంట్ చేయమంటాయి. ప్రభుత్వం కోర్టులు ఒప్పుకోవంటుంది. లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ పాసై, పీహెచ్‌డీ చేసి, నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న నిరుద్యోగులు మరి మా సంగతేంటని అడుగుతారు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది కాబట్టే ఆ గొడవ తెగదు. ఈలోగా నాలుగైదు నెలలకోసారి బిల్లు పాసయ్యే మనిషి గురించి, వేసవి రెండు నెలలూ చేతికి రూపాయి రాని మనిషి గురించి, ప్రసవానికి సెలవు అడిగితే వచ్చే సెమిస్టర్‌కి పేరే లేకుండా పోయిన ఆవిడ గురించి మాట్లాడేవాళ్లు ఉండరు. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. ఉద్యోగం పర్మినెంట్ చేయడం వేరు, పని చేయించుకున్నన్నాళ్లూ ఆ పనికి తగ్గట్టు చూడటం వేరు. మొదటిదానికి చట్టంలో నిజంగానే చిక్కులున్నాయి. రెండోదానికి దాదాపు ఏ చిక్కూ లేదు, అయినా మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని కూడా వాయిదా వేస్తూ వస్తున్నారు.

ఈ ముడి విప్పాలంటే ముందు ఎవరెవరున్నారో చూడాలి. మన రెండు రాష్ట్రాల్లో రెగ్యులర్ కాని అధ్యాపకులకు ఒక్క పేరు లేదు. కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్, పార్ట్‌టైమ్ లెక్చరర్, గెస్ట్ ఫ్యాకల్టీ, అకడమిక్ కన్సల్టెంట్, టీచింగ్ అసోసియేట్ అంటూ క్యాంపస్ మారితే పేరు మారుతుంది. స్థూలంగా రెండు రకాలనుకోవచ్చు. ఒక రకానికి నెలకింత అని కన్సాలిడేటెడ్ జీతం ఉంటుంది, చాలావరకు మంజూరైన పోస్టు ఖాళీగా ఉంటే ఆ లోడు, అంటే ఆ పోస్టువాళ్లు చెప్పాల్సిన క్లాసుల మీద పెట్టుకుంటారు. రెండో రకానికి క్లాసుకింత అని లెక్క, చెప్పిన పీరియడ్లు రాసుకుని నెలాఖరుకి డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో బిల్లు పెట్టుకోవాలి. వీళ్లలో ఎక్కువమంది సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల్లో పనిచేస్తారు, అంటే వీళ్లకు ఇచ్చే డబ్బు ప్రభుత్వ గ్రాంటు నుంచి కాక విద్యార్థులు కట్టే ఫీజు నుంచి వస్తుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. రెగ్యులరైజేషన్ గురించి ఎప్పుడు ఏ ప్రతిపాదన వచ్చినా అది మొదటి రకం చుట్టూనే తిరుగుతుంది. మంజూరైన పోస్టే లేని రెండో రకం మనిషి ఆ చర్చలోకి అడుగే పెట్టలేడు. పని పరిస్థితుల విషయంలో అందరికంటే ఎక్కువ నలిగేది మాత్రం అతనే.

ఇంతమంది ఎందుకు పోగయ్యారంటే కారణం అందరికీ తెలిసిందే, ఖాళీలు. తెలంగాణ రాష్ట్ర యూనివర్సిటీల్లో మంజూరైన బోధన పోస్టులు మూడు వేల లోపు, వాటిలో రెండు వేలకు పైగా ఖాళీ. 2017లో 1,061 పోస్టులు నింపడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది, నింపలేదు. 2022 సెప్టెంబరులో అన్ని యూనివర్సిటీలకూ కలిపి ఒకే నియామక బోర్డు పెడుతూ అసెంబ్లీ బిల్లు పాస్ చేస్తే అది రాజ్‌భవన్ దగ్గర చిక్కుకుపోయింది. 2025 ఏప్రిల్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ల భర్తీకి జీవో 21తో మార్గదర్శకాలు వచ్చాయి, వెంటనే కాంట్రాక్ట్ అధ్యాపకులు ముందు మా సంగతి తేల్చమని సమ్మెకు దిగారు. అటు ఆంధ్రప్రదేశ్‌లో 2023 అక్టోబరులో యూనివర్సిటీలన్నీ కలిపి 3,220 పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చాయి, అది కేసుల్లో పడి నిలిచిపోయింది. ఇలా ఒక తరం రెగ్యులర్ అధ్యాపకులు రిటైరై వెళ్లిపోయారు, వాళ్ల స్థానంలో కొత్తవాళ్లు రాలేదు, టైమ్‌టేబుల్ మాత్రం ప్రతి సోమవారం ఉదయం నింపాల్సిందే. నింపుతున్నది ఈ పార్ట్‌టైమ్ వాళ్లే.

ఇక అసలు విషయం, క్లాసుకింత అనే లెక్క. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే అన్యాయంగా కనిపించేది ఇదే, కాబట్టి కొంచెం నెమ్మదిగా చూద్దాం.

యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం రెగ్యులర్ అధ్యాపకుడి పని వారానికి 40 గంటలు. అందులో అసిస్టెంట్ ప్రొఫెసర్ నేరుగా క్లాసులో ఉండాల్సింది 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ అయితే 14 గంటలు. మిగిలిన సమయం దేనికి? పాఠం తయారు చేసుకోవడానికి, పేపర్లు దిద్దడానికి, విద్యార్థులతో మాట్లాడటానికి, పరిశోధనకి, డిపార్ట్‌మెంట్ పనులకి. అంటే ఒక గంట క్లాసు వెనక మరో గంటన్నర పని ఉంటుందని యూజీసీయే ఒప్పుకుంటోంది. రెగ్యులర్ వాళ్ల విషయంలో ఒప్పుకున్న ఈ సంగతి పార్ట్‌టైమ్ వాళ్ల దగ్గరికొచ్చేసరికి మాయమైపోతుంది. తెలంగాణ ప్రభుత్వ కాలేజీల్లో గెస్ట్ లెక్చరర్లకు కొన్నేళ్లుగా నడుస్తున్న రేటు చూడండి, పీరియడ్‌కి 390 రూపాయలు, నెలకు 72 పీరియడ్లకు మించకుండా, అంటే గరిష్ఠంగా 28,080. యూజీసీ లెక్కలోనే ఆ 390ని రెండున్నర గంటల మీద పరిస్తే గంటకు 156 రూపాయలు. పైగా 72 పీరియడ్లంటే వారానికి 18, డిగ్రీ కాలేజీలో రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ చెప్పాల్సిన 16 కంటే రెండెక్కువ! ఫుల్‌టైమ్ మనిషి కంటే ఎక్కువ క్లాసులు చెప్పే మనిషిని గెస్ట్ అంటున్నాం, అతిథికి ఇచ్చినట్టే గౌరవ వేతనం అంటున్నాం.

యూజీసీ సొంత రేటు దీనికంటే మెరుగే. 2019 జనవరిలో ఇచ్చిన గెస్ట్ ఫ్యాకల్టీ మార్గదర్శకాల్లో లెక్చర్‌కి 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకూడదు అని పెట్టారు. చూడటానికి బాగుంది. కానీ 50,000ని 1,500తో భాగిస్తే 33. నెలకు 33 లెక్చర్లు, అంటే వారానికి ఎనిమిది దాటాక చెప్పే ప్రతి క్లాసూ ఉచితమే. వారానికి 16 చెప్పించుకుంటే నెలకు 64, అప్పుడు లెక్చర్‌కి పడేది 780 రూపాయల చిల్లర. సీలింగ్ పెట్టడం తప్పని నేననను, గంటలకు సీలింగ్ లేకుండా డబ్బుకే సీలింగ్ పెట్టడం తప్పు. అదే మార్గదర్శకాల్లో గెస్ట్ ఫ్యాకల్టీకి అలవెన్సులు, పెన్షన్, గ్రాట్యుటీ, సెలవులు లాంటివి రెగ్యులర్ వాళ్లలాగా వర్తించవని కూడా రాశారు. రాష్ట్ర యూనివర్సిటీలు 1,500 రేటు అమలు చేయడానికి డబ్బుల్లేవంటాయి గానీ ఈ రెండో వాక్యాన్ని మాత్రం ఎప్పుడూ మర్చిపోవు.

క్లాసు లెక్క వల్ల డబ్బు తగ్గడం ఒక ఎత్తు, మనిషి మీద పడే అనిశ్చితి ఇంకో ఎత్తు. దసరా సెలవులొస్తే జీతం సగం. విద్యార్థి సంఘాల బంద్ అయితే ఆ రోజు పోయినట్టే. సెమిస్టర్ పరీక్షలు మొదలైతే క్లాసులుండవు కాబట్టి ఆ నెల ఖాళీ, కానీ ఇన్విజిలేషన్‌కి రమ్మంటారు, ఇంటర్నల్స్ దిద్దమంటారు, కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే నాక్ టీమ్ వస్తోందంటే ఫైళ్లు తయారు చేయమంటారు, అడ్మిషన్ల టైంలో ఊళ్లకు వెళ్లి ప్రచారం చేయమన్న చోట్లు కూడా ఉన్నాయి. వీటిలో చాలావాటికి పైసా ఉండదు. కాదంటే ఏమవుతుంది? ఏమీ అనరు. వచ్చే సెమిస్టర్ వర్క్‌లోడ్ పంచేటప్పుడు ఆరు క్లాసులు మూడవుతాయి. ఎవరూ తీసేయలేదు, ఉత్తర్వు లేదు, అడగడానికి కాగితమే లేదు. కొన్ని చోట్ల ఇంకో వింత, ఉదయం పదికి సాయంత్రం నాలుగున్నరకి బయోమెట్రిక్ వేయాలి, కానీ లెక్కలోకి వచ్చేది క్లాసులే. రోజంతా క్యాంపస్‌లో కట్టిపడేసి రెండు గంటలకు డబ్బులిచ్చే ఏర్పాటును పార్ట్‌టైమ్ అని ఎలా అంటాం?

బిల్లుల ఆలస్యం సంగతి చెప్పక్కర్లేదు. పీరియడ్ల రిజిస్టర్ హెడ్ దగ్గర, అక్కణ్నుంచి ప్రిన్సిపల్, అక్కణ్నుంచి అకౌంట్స్ సెక్షన్, ఆడిట్, మళ్లీ రిజిస్ట్రార్. ప్రతి టేబుల్ దగ్గరా వారం. ఇల్లు కట్టే కూలీకి శనివారం సాయంత్రం మేస్త్రీ లెక్క చూసి చేతిలో పెడతాడు, పీజీ విద్యార్థులకు పాఠం చెప్పే మనిషి సంక్రాంతికి అందాల్సిన డబ్బు కోసం ఉగాది దాకా టేబుళ్ల చుట్టూ తిరుగుతాడు. నాకు తెలిసిన చాలామంది పొద్దున యూనివర్సిటీలో, మధ్యాహ్నం ప్రైవేటు కాలేజీలో, రాత్రి గ్రూప్స్ కోచింగ్‌లో చెప్పి నెట్టుకొస్తున్నారు. అలాంటి మనిషి క్లాసయ్యాక ఒక విద్యార్థి డౌటు అడిగితే ఎంతసేపు నిలబడగలడు, బస్సుకు టైమవుతుంటే? విద్యార్థులు నష్టపోయేది ఇక్కడే. అధ్యాపకుడి పని పరిస్థితులూ విద్యార్థి చదివే పరిస్థితులూ వేర్వేరుగా ఉండవు.

నిబంధనల్లోని ఉచ్చు

ఇప్పుడు కాగితం మీద ఏముందో చూద్దాం. యూజీసీ 2018 నిబంధనల్లో కాంట్రాక్ట్ నియామకాల మీద స్పష్టంగా రాసుంది. తప్పనిసరైతేనే కాంట్రాక్ట్ మీద తీసుకోవాలి, మొత్తం పోస్టుల్లో 10 శాతం మించకూడదు, అర్హతలూ ఎంపిక పద్ధతీ రెగ్యులర్ వాళ్లవే ఉండాలి, ఇచ్చే మొత్తం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెలసరి స్థూల జీతం కంటే తగ్గకూడదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనమే 57,700తో మొదలవుతుంది, దాని మీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ. గెస్ట్ ఫ్యాకల్టీ అయితే మంజూరైన పోస్టుల్లో 20 శాతం మించకూడదని 2019 మార్గదర్శకాలు చెప్తాయి. మూడింట రెండొంతుల పోస్టులు ఖాళీగా ఉన్నచోట ఈ 10, 20 శాతాలు ఏమయ్యాయో మీరే ఊహించుకోవచ్చు. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన కొత్త ముసాయిదాలో ఆ 10 శాతం పరిమితే కనిపించలేదు. పాటించని నిబంధనను తీసేస్తే ఉల్లంఘన కూడా ఉండదు కదా అనుకున్నట్టుంది, కానీ ఆ ఒక్క గీత కూడా లేకపోతే రేపు ఒక రిజిస్ట్రార్‌ని పట్టుకుని అడగడానికి ఆధారం పోతుంది.

అదే 2018 నిబంధనల్లో ఇంకో క్లాజు ఉంది, దాని గురించి బయట పెద్దగా మాట్లాడరు. రేపు ఎప్పుడైనా రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఎంపికైతే పాత తాత్కాలిక సర్వీసును పదోన్నతికి లెక్కలోకి తీసుకోవచ్చట, కానీ షరతులున్నాయి. అప్పటికే పూర్తి అర్హతలుండాలి, సరైన సెలక్షన్ కమిటీ ద్వారా వచ్చుండాలి, ఆ రోజుల్లో తీసుకున్న మొత్తం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల జీతానికి తగ్గకుండా ఉండాలి. మూడో షరతు ఇంకోసారి చదవండి. తక్కువ జీతం ఇచ్చింది యూనివర్సిటీ. ఆ తక్కువ జీతం తీసుకున్నందుకు సర్వీసు పోయేది అధ్యాపకుడిది. పదేళ్లు సగం జీతానికి చెప్పిన మనిషికి ఆ పదేళ్లూ సున్నా కింద లెక్క. యూనివర్సిటీ నిబంధన ఉల్లంఘిస్తే శిక్ష ఉల్లంఘించినవాళ్లకు కాకుండా నష్టపోయినవాళ్లకే మళ్లీ పడేలా రాసిన క్లాజు ఇది. పని పరిస్థితులు మెరుగుపరచాలని ఎవరైనా నిజంగా అనుకుంటే మొదట కొట్టేయాల్సింది దీన్నే.

అనుభవం సర్టిఫికెట్ దగ్గర కూడా ఇదే కథ. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి పిలవడానికి యూజీసీ ఇచ్చిన మార్కుల పట్టికలో బోధన అనుభవానికి ఏడాదికి 2 మార్కులు, గరిష్ఠంగా 10. ఏడాదికి తక్కువైతే ఆ మేరకు తగ్గిస్తారు. మరి క్లాసు లెక్కన పనిచేసినవాళ్లకి సర్టిఫికెట్ ఇవ్వడానికి చాలా ఆఫీసులు వెనకాడతాయి, ఇచ్చినా 'గౌరవ వేతనం మీద, వారానికి ఇన్ని గంటలు' అని రాస్తాయి, లేదంటే ప్రతి ఏడాదీ వేసవికి ముందు తీసేసి జూలైలో మళ్లీ తీసుకున్నట్టు తేదీలు వేస్తాయి. ఢిల్లీ యూనివర్సిటీలో ఆడ్‌హాక్ అధ్యాపకులను 120 రోజులకోసారి ఒక్క రోజు విరామంతో మళ్లీ మళ్లీ తీసుకునే పద్ధతి ఏళ్ల తరబడి నడిచింది. 2019 ఆగస్టులో అక్కడ ఇకపై ఖాళీల్లో గెస్ట్‌లనే పెట్టాలని సర్క్యులర్ వచ్చేసరికి డిసెంబరులో వేలమంది అధ్యాపకులు రోడ్డెక్కారు, కేంద్ర విద్యాశాఖ దిగొచ్చి ఆ సర్క్యులర్‌ని సవరింపజేసింది. గెస్ట్‌గా మారడమంటే ఏంటో, ఎంత కోల్పోతారో ఆడ్‌హాక్‌లో ఉన్నవాళ్లకి బాగా తెలుసు కాబట్టే అంత పట్టుదలగా నిలబడ్డారు.

కోర్టులు నిజంగా ఏమన్నాయి

ప్రభుత్వాలు ప్రతిసారీ చూపించే తీర్పు ఉమాదేవి కేసు, 2006 ఏప్రిల్ 10, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం. అందులో సారం ఏంటంటే, రాజ్యాంగబద్ధమైన ఎంపిక లేకుండా తాత్కాలికంగా వచ్చినవాళ్లు ఎన్నేళ్లు పనిచేసినా పర్మినెంట్ చేయమని హక్కుగా అడగలేరు. మంజూరైన పోస్టుల్లో, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా, పదేళ్లకు పైగా పనిచేసినవాళ్ల విషయంలో ఒక్కసారికి చర్య తీసుకోవచ్చని ఒక తలుపు తెరిచింది. మన దగ్గర దీనికి తోడు ప్రభుత్వ సర్వీసుల్లో తాత్కాలిక నియామకాలను కట్టడి చేసే 1994 నాటి చట్టం 2 ఉంది. తెలంగాణ ప్రభుత్వం ఆ చట్టానికి కాంట్రాక్ట్ వాళ్లని పర్మినెంట్ చేయడానికి వీలిచ్చే 10-ఏ సెక్షన్ చేర్చి 2016లో జీవో 16 ఇచ్చింది, దాని ఆధారంగా 2023లో జూనియర్, డిగ్రీ, పాలిటెక్నిక్ కాంట్రాక్ట్ లెక్చరర్లతో కలిపి ఐదు వేలమందికి పైగా పర్మినెంట్ అయ్యారు. యూనివర్సిటీలవాళ్లు అందులో లేరు. 2024 నవంబరులో హైకోర్టు ఆ సెక్షన్‌నే కొట్టేసింది, అప్పటికే పర్మినెంట్ అయినవాళ్లని కదపలేదు. కాబట్టి రెగ్యులరైజేషన్ చిక్కుల వ్యవహారమేనన్న మాట అబద్ధం కాదు.

కానీ ఉమాదేవి తీర్పు చెప్పింది ఉద్యోగంలో కొనసాగింపు గురించి. తక్కువ జీతం ఇవ్వమని ఆ తీర్పు ఎక్కడా చెప్పలేదు. జీతం గురించి చెప్పిన తీర్పు వేరే ఉంది, జగ్జీత్ సింగ్ కేసు, 2016 అక్టోబరు 26. రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేస్తున్న తాత్కాలిక ఉద్యోగికి ఆ పోస్టు పే స్కేలులో కనీస మొత్తం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, ఒకే పనికి తక్కువ ఇవ్వడం దోపిడీతో కూడిన బానిసత్వమనే అర్థంలో చాలా గట్టి మాటలే రాసింది. ఇక 2025 ఆగస్టు 22న జస్టిస్ నరసింహ, జస్టిస్ బాగ్చీ ధర్మాసనం ఇచ్చిన తీర్పు నేరుగా అధ్యాపకుల గురించే. గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీల్లో కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్లకు నెలకు 30,000 ఇచ్చేవారు, అదే పని చేసే ఆడ్‌హాక్ వాళ్లకి దాదాపు 1,16,000, రెగ్యులర్ వాళ్లకి 1,36,952. కోర్టు ఆ కాంట్రాక్ట్ వాళ్లకి అసిస్టెంట్ ప్రొఫెసర్ కనీస స్కేలు ఇవ్వమంది, కేసు వేయడానికి ముందు మూడేళ్ల నుంచి బకాయిలు 8 శాతం వడ్డీతో చెల్లించమంది. అధ్యాపకులను గౌరవంగా చూడకుండా సభల్లో గురుబ్రహ్మ గురుర్విష్ణు అని వల్లిస్తే సరిపోదని కూడా అందులో రాసింది. ఇక ఉమాదేవి తీర్పును డాలుగా అడ్డుపెట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లని వదిలించుకోవడం కుదరదని 2024 డిసెంబరులో జగ్గో కేసులో సుప్రీంకోర్టు అన్నది. గాలి కొంచెం మారిందనే చెప్పాలి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. సమాన పనికి సమాన వేతనం అనేది పూర్తి లోడు మోసేవాళ్లకి సూటిగా సరిపోతుంది. వారానికి నాలుగు క్లాసులు చెప్పి వెళ్లిపోయే ఒక అడ్వకేటో, ఒక చార్టర్డ్ అకౌంటెంటో పూర్తి స్కేలు అడగలేరు, అడగరు కూడా. వాళ్లకి కావాల్సింది లోడుకు తగ్గ వాటా, అంటే 16 గంటల మనిషికి ఎంతో అందులో నాలుగో వంతు, తయారీ సమయంతో సహా. ఈ లెక్క వేయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

ఇంకో చిక్కు, కార్మిక చట్టాలు. 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు ఉపాధ్యాయులు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కార్మికుల కిందికి రారని చెప్పింది. అందువల్ల ఫ్యాక్టరీలో తీసేసిన మనిషి కార్మిక వివాదాలు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్లగలడు, యూనివర్సిటీలో తీసేసిన అధ్యాపకుడు హైకోర్టులో రిట్ వేసుకోవాలి, ఖర్చూ కాలమూ రెండూ ఎక్కువే. అన్ని చట్టాలూ ఇలా తలుపు మూసెయ్యలేదు. అప్పటి గ్రాట్యుటీ చట్టంలోకి ఉపాధ్యాయులను 2009 సవరణ తీసుకొచ్చింది, 2022లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పెన్షన్ లేని కాంట్రాక్ట్ ఉద్యోగులను పీఎఫ్ నుంచి బయట ఉంచకూడదని 2020లో పవన్ హన్స్ కేసులో చెప్పింది. ప్రసూతి ప్రయోజనాల విషయంలో మస్టర్ రోల్ మీద, అంటే రోజుకూలీ లెక్కన పనిచేసే మహిళలకీ హక్కుందని 2000లోనే తేల్చింది, కాంట్రాక్ట్ గడువు మధ్యలో ముగిసినా ఆ ప్రయోజనం ఆగకూడదని 2023 ఆగస్టులో అన్నది. అంటే పార్ట్‌టైమ్ అధ్యాపకురాలికి ప్రసూతి సెలవు ఇవ్వడమా మానడమా అన్నది ప్రిన్సిపల్ దయ మీద ఆధారపడే విషయం కాదు. ఈ సంగతి తెలియని ప్రిన్సిపల్స్ ఎందరో ఉన్నారు, తెలియని అధ్యాపకురాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు.

వేరే చోట్ల ఏం చేశారు

కర్ణాటక అనుభవం చూసి జాగ్రత్త నేర్చుకోవాలి. అక్కడ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల గెస్ట్ లెక్చరర్లకు 2022 జనవరిలో ఒక్కసారిగా జీతం పెంచారు, పదకొండు, పదమూడు వేల నుంచి అర్హత, అనుభవాన్ని బట్టి 26,000 నుంచి 32,000కి. అందరూ సంతోషించేలోపే రెండో సగం తెలిసింది, వారానికి చెప్పాల్సిన గంటలు 15కి పెంచారు. మొత్తం క్లాసులు అన్నే కదా, ఒక్కొక్కరికి ఎక్కువ ఇస్తే తక్కువ మంది చాలు. చాలామందికి ఉద్యోగమే లేకుండా పోయింది, వాళ్లు రోడ్డు మీదకొచ్చారు. జీతం పెంచమని అడిగేటప్పుడు ఇప్పుడున్నవాళ్లకి లోడు రక్షణ కూడా కలిపి అడగకపోతే ఏమవుతుందో ఇది చూపించింది.

పశ్చిమ బెంగాల్ 2020 జనవరి నుంచి పార్ట్‌టైమ్, కాంట్రాక్ట్, గెస్ట్ అనే మూడు రకాలనూ కలిపి స్టేట్ ఎయిడెడ్ కాలేజ్ టీచర్ అనే ఒకే వర్గం చేసింది, 60 ఏళ్ల దాకా కొనసాగింపు ఇచ్చింది. రెగ్యులర్ స్కేలు ఇవ్వలేదు, దాని మీద అక్కడ అసంతృప్తి ఉంది, కానీ ప్రతి జూలైలో ఉంటానో ఊడతానో అనే టెన్షన్ తీరింది. హర్యానా 2024లో ఎక్స్‌టెన్షన్ లెక్చరర్లు, గెస్ట్ లెక్చరర్ల కోసం ఏకంగా ఉద్యోగ భద్రత చట్టమే చేసింది. నిర్ణీత సర్వీసు ఉన్నవాళ్లని రిటైర్మెంట్ వయసు దాకా తీసేయకూడదు, అర్హులైన ఎక్స్‌టెన్షన్ లెక్చరర్లకు అక్కడ నెలకు 57,700 ఇస్తున్నారు. ఈ రెండు రాష్ట్రాలూ రెగ్యులరైజేషన్ అనే మాట జోలికి పోకుండానే భద్రత ఇచ్చాయి, మనం గమనించాల్సింది అదే.

కెనడాలో వాంకూవర్ కమ్యూనిటీ కాలేజీ ఇంకో అడుగు ముందుంది. అక్కడ సగం లోడు చేసేవాళ్లకి ఫుల్‌టైమ్ స్కేలులో సరిగ్గా సగం ఇస్తారు, ఒకే పే స్కేలు అందరికీ. సగం లోడుకి తగ్గకుండా రెండేళ్లు చేసినవాళ్లు వాళ్లంతట వాళ్లే రెగ్యులర్ అవుతారు, కొత్తగా ఇంటర్వ్యూ లేదు, ఎందుకంటే మొదట తీసుకునేటప్పుడే సరిగా ఎంపిక చేసి తీసుకుంటారు. మన ఉమాదేవి చిక్కు మొత్తం ఆ మొదటి ఎంపిక దగ్గరే ఉంది. పార్ట్‌టైమ్ వాళ్లని కూడా బహిరంగ ప్రకటన ఇచ్చి, రిజర్వేషన్ల రోస్టర్ పాటించి, సెలక్షన్ కమిటీతో తీసుకుంటే పదేళ్ల తర్వాత దొడ్డిదారిన వచ్చారనే మాట రాదు. నోటిఫికేషన్ కోసం చూస్తున్న నిరుద్యోగ పరిశోధకుల అభ్యంతరానికి కూడా నాకు తెలిసి ఇదే జవాబు. వాళ్లు వ్యతిరేకించేది తెలిసినవాళ్లని పిలిచి పెట్టుకునే పద్ధతిని, ఇంకో అధ్యాపకుడు పస్తులుండాలని వాళ్లూ కోరుకోరు. పైగా నోటిఫికేషన్ వచ్చేదాకా వాళ్లలో చాలామంది చేస్తున్నది ఈ పీరియడ్ల ఉద్యోగమే.

డబ్బెక్కడిది అనే ప్రశ్న న్యాయమైనదే. రాష్ట్రం ఇచ్చే బ్లాక్ గ్రాంటు రెగ్యులర్ జీతాలకీ పెన్షన్లకీ చాలక యూనివర్సిటీలు అవస్థ పడుతున్న మాట నిజం. కానీ పోస్టు ఖాళీగా ఉన్నన్నాళ్లూ ఆ పోస్టుకి అయ్యే జీతం ఎవరో ఒకరికి మిగులుతూనే ఉంది. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల విషయంలో అయితే విద్యార్థులు ముందే ఫీజు కట్టేశారు, ఆ ఫీజులో ఎంత భాగం పాఠం చెప్పే మనిషికి చేరుతోందో ప్రతి కోర్సుకీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పెట్టమని అడగడం తల్లిదండ్రుల హక్కు. ఖర్చే లేని పనులు కూడా చాలా ఉన్నాయి. జూలైలో కాకుండా మేలోనే వర్క్‌లోడ్ చెప్పడం, సెమిస్టర్‌కి కాకుండా ఏడాదికి నియామక ఉత్తర్వు ఇవ్వడం, కూర్చోడానికి ఒక బల్ల, లైబ్రరీ కార్డు, యూనివర్సిటీ ఈమెయిల్ ఇవ్వడం, డిపార్ట్‌మెంట్ మీటింగ్‌కి పిలవడం, నెలలో ఫలానా తేదీలోపు బిల్లు పాస్ చేయకపోతే ఏ టేబుల్ దగ్గర ఆగిందో చెప్పే ఏర్పాటు పెట్టడం. వీటిలో దేనికీ అసెంబ్లీ కూర్చోనక్కర్లేదు, వైస్ ఛాన్సలర్ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. ఇన్విజిలేషన్‌కీ, దిద్దడానికీ, నాక్ పనికీ గంటకింత అని రేటు నిర్ణయించడానికి కొంచెం ఖర్చవుతుంది, కానీ ఇప్పుడు ఆ పని ఉచితంగా జరుగుతోందంటే ఎవరి ఇంటి ఖర్చులోంచో జరుగుతున్నట్టే.

పార్ట్‌టైమ్‌లో ఉన్నవాళ్లకి చివరగా నేరుగా ఒకటి చెప్పాలి. రేపు ప్రభుత్వం ఏదైనా స్కీము తెచ్చినా, కోర్టుకి వెళ్లాల్సి వచ్చినా, ఇంటర్వ్యూలో అనుభవం మార్కులు అడిగినా కాగితమే మాట్లాడుతుంది. అందుకని ప్రతి సెమిస్టర్ హెడ్ సంతకంతో ఉన్న టైమ్‌టేబుల్ కాపీ తీసుకోండి. మిమ్మల్ని పిలిచిన ప్రకటన, ఇంటర్వ్యూ లెటర్, నియామక ఉత్తర్వు జాగ్రత్తగా దాచుకోండి, ఉత్తర్వు ఇవ్వకపోతే ఇవ్వమని ఒక లెటర్ రాసి ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. జీతం బ్యాంకు ఖాతాలోనే తీసుకోండి. పరీక్ష డ్యూటీ ఉత్తర్వులూ, దిద్దిన పేపర్ల లెక్కలూ ఫొటో తీసి ఉంచుకోండి. వేసవిలో చేసిన పనికి వాట్సాప్‌లో వచ్చిన ఆదేశాలు కూడా చెరిపేయకండి, మధ్యలో విరామం పెట్టినట్టు రికార్డుల్లో చూపించినా ఆ రోజుల్లో మీరు పనిచేస్తూనే ఉన్నారని చెప్పేవి అవే. ఎవరూ ఇవ్వని సర్వీసు సర్టిఫికెట్ కోసం సమాచార హక్కు కింద మీ పేరుతో పాసైన బిల్లుల కాపీలు అడగొచ్చు. పదిమంది కలిసి అడిగితే ఒక్కరి మీద కోపం పెట్టుకుని లోడు తగ్గించడం కూడా అంత తేలిక కాదు.